సీబీపీలో తెల్లకణాలు: శాతం చూసి భయపడకండి, గుణించి చూడండి

మిగతావాళ్లకీ అర్థమవడానికి మీరు అడిగింది క్లుప్తంగా మళ్లీ పెడుతున్నాను. ఒకే ఇంట్లో మూడు సీబీపీ (రక్తకణాల లెక్క) రిపోర్టులు. వారం కిందట వైరల్ జ్వరం వచ్చి తగ్గిన మీది (34 ఏళ్లు): టోటల్ కౌంట్ (మొత్తం తెల్లకణాలు) 3,200, న్యూట్రోఫిల్స్ 38, లింఫోసైట్స్ 52, మోనోసైట్స్ 8, ఈసినోఫిల్స్ 2, బేసోఫిల్స్ 0. మూడేళ్ల పాపది: టోటల్ 9,000, లింఫోసైట్స్ 58. రాత్రిళ్లు దగ్గుతో నిద్రపట్టని అమ్మగారిది: టోటల్ 9,800, ఈసినోఫిల్స్ 14. మూడింట్లోనూ ల్యాబ్ వాళ్లు ఏదో ఒక అంకెని బోల్డులో కొట్టారు. తెలిసినవాళ్లు ఇమ్యూనిటీ పౌడర్ డబ్బా చేతిలో పెట్టారు. ఈ కణాలేంటి, ఎవరికి ఏం తగ్గింది, పౌడర్ వాడాలా అన్నది ప్రశ్న.

పౌడర్ వద్దు. ఎందుకో దారిలో వస్తుంది.

ముందు ఒక గుణకారం. డీసీలో, అంటే తెల్లకణాలని రకాలవారీగా విడదీసిన చోట, ఇచ్చేవి నూటికి ఎన్ని అన్న లెక్కలు. అన్నీ కలిపితే వందే అవ్వాలి కాబట్టి ఒకటి తగ్గితే ఇంకోటి పెరిగినట్టు కనపడక తప్పదు. టోటల్ కౌంట్‌ని శాతంతో గుణించి 100తో భాగిస్తే ఒక మైక్రోలీటరు రక్తంలో నిజంగా ఎన్ని ఉన్నాయో వస్తుంది. మీ లెక్క ఇదీ:

న్యూట్రోఫిల్స్: 3,200 × 38 ÷ 100 = 1,216 (పెద్దవాళ్లలో 2,000 నుంచి 7,000)
లింఫోసైట్స్: 1,664 (1,000 నుంచి 4,000)
మోనోసైట్స్: 256 (200 నుంచి 1,000)
ఈసినోఫిల్స్: 64 (20 నుంచి 500)

అంటే బోల్డులో కొట్టిన 52 మీద ఏ గొడవా లేదు, మీ లింఫోసైట్లు ఉండాల్సినన్నే ఉన్నాయి. గమనించాల్సింది న్యూట్రోఫిల్స్, అవీ కొద్దిగానే తగ్గాయి. వైరల్ జ్వరాల్లో, ముఖ్యంగా డెంగీలో, టోటల్ కౌంట్ ఇలా పడిపోవడం మామూలే. ఎక్కువమందికి రెండు మూడు వారాల్లో దానంతట అదే లేస్తుంది. మూడు వారాలు ఆగి సీబీపీ మళ్లీ చేయించండి. అప్పటికీ 1,500 దాటకపోతే, లేదా మధ్యలో నోటిపూత, మళ్లీ జ్వరం వస్తే ఫిజీషియన్‌కి చూపించండి. న్యూట్రోఫిల్స్ 500 కంటే తగ్గిన మనిషికి 101 డిగ్రీల జ్వరం వచ్చిందంటే మాత్రం తెల్లారేదాకా ఆగకూడదు. కీమోథెరపీ తీసుకుంటున్నవాళ్ల ఇంట్లో ఈ మాట ఫ్రిజ్ మీద రాసి అంటించుకోవాలి. గంటలోపు యాంటీబయాటిక్ ఎక్కాల్సిన పరిస్థితి అది.

ఇంకో చిన్న సంగతి. స్లైడ్ మీద చేత్తో లెక్కపెట్టే చోట టెక్నీషియన్ 100 కణాలు చూసి శాతం రాస్తారు. 100లో 5 వచ్చాయంటే అసలు విలువ 2 నుంచి 11 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. కాబట్టి పోయినసారి ఈసినోఫిల్స్ 3, ఈసారి 6, రెట్టింపయ్యాయని కంగారుపడటంలో అర్థం లేదు.

ఇక కణాల దగ్గరికి వద్దాం. లీష్మన్ రంగు పూసిన స్లైడ్‌ని ఆయిల్ ఇమ్మర్షన్ లెన్సు కింద పెడితే గులాబీ రంగు ఎర్రకణాల మధ్య అక్కడక్కడా ఊదా మచ్చలు కనపడతాయి. కేంద్రకం మూడు నుంచి ఐదు ముక్కలుగా, సన్నని పోగుతో కలిపి కట్టినట్టు ఉంటే న్యూట్రోఫిల్. పాత ల్యాబుల్లో పాలీమార్ఫ్స్ అని రాసేది దీన్నే. ఎర్రకణం కంటే కాస్తే పెద్దగా, కణమంతా కేంద్రకమే నిండి, చుట్టూ సన్నని నీలి అంచు మాత్రం మిగిలితే లింఫోసైట్. అన్నిటికంటే పెద్దగా, మూత్రపిండం ఆకారంలో మడత పడిన కేంద్రకంతో ఉంటే మోనోసైట్. రెండు ముక్కల కేంద్రకం కళ్లద్దాల్లా ఉండి, చుట్టూ నారింజ రంగు గింజలు కిక్కిరిసి ఉంటే ఈసినోఫిల్. ముదురు నీలం గింజలు కేంద్రకాన్నే కప్పేస్తే బేసోఫిల్, అయితే ఇది వెతికినా దొరకదు. అందుకే మీ రిపోర్టులో 0 ఉంది, దానికి ఏ అర్థమూ లేదు.

ఇవేం చేస్తాయో కాలిలో ముల్లు దిగినప్పుడు చూడొచ్చు. ముల్లుతో పాటు బాక్టీరియా లోపలికి పోతుంది. చర్మం కింద ముందునుంచే కాపురమున్న మాక్రోఫేజ్‌లు (క్రిముల్ని, చెత్తని మింగే కణాలు), మాస్ట్ కణాలు నిమిషాల్లో రసాయన సంకేతాలు వదులుతాయి. చుట్టూ ఉన్న రక్తనాళాలు వెడల్పయి ఎర్రబడుతుంది, నీరు దిగి వాస్తుంది, సలుపు మొదలవుతుంది. కొన్ని గంటల్లో న్యూట్రోఫిల్స్ నాళం గోడకి అతుక్కుని, దూరి, బయటికొస్తాయి. బాక్టీరియాని మింగి, లోపల క్లోరిన్ బ్లీచు లాంటి పదార్థం తయారుచేసి చంపుతాయి. ఆ పనిలో అవీ చస్తాయి. ఆ శవాల కుప్పే చీము. చీముకి ఉండే ఆకుపచ్చ ఛాయ వాటిలోని మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైముది. రెండో రోజు నుంచి రక్తంలోని మోనోసైట్లు వచ్చి మాక్రోఫేజ్‌లుగా మారి ఆ చెత్త ఎత్తుతాయి. 1882లో మెచ్నికాఫ్ అనే శాస్త్రవేత్త ఇటలీలోని మెస్సినాలో సముద్ర నక్షత్రం పిల్లలోకి ముల్లు గుచ్చి, చుట్టూ కణాలు మూగడం చూసే ఈ 'మింగే కణాల' సంగతి కనిపెట్టాడు. 1908లో నోబెల్ వచ్చింది.

ఈలోపు డెండ్రైటిక్ కణాలు బాక్టీరియా ముక్కల్ని పట్టుకుని లింఫు నాళాల వెంట గజ్జల దాకా వెళ్తాయి. అక్కడి లింఫు గ్రంథిలో వాటిని లింఫోసైట్లకి చూపిస్తాయి. సరిపోయే లింఫోసైట్ దొరికితే అది రెండై, నాలుగై పెరగడంతో గ్రంథి ఉబ్బుతుంది. కాలికి పుండైతే గజ్జల్లో బిళ్ళ కట్టిందంటామే, అదే. పుండు మానాక అదీ కరుగుతుంది. రెండు వారాలు దాటినా తగ్గకుండా, గట్టిగా, కదలకుండా, నొప్పి లేకుండా ఉన్న బిళ్ళే చూపించాల్సింది. మన దగ్గర మెడలో అలాంటివి గొలుసులా వస్తే ముందు అనుమానించేది టీబీని, పాతవాళ్లు గండమాల అన్నది దాన్నే. సూదితో కణాలు తీసి చూస్తే చాలావరకు తేలుతుంది.

న్యూట్రోఫిల్స్ గురించి రిపోర్టు చదివేటప్పుడు మోసపోయే చోటు ఒకటుంది. ఎముకల్లోని మూలుగ రోజుకి సుమారు 10 వేల కోట్ల న్యూట్రోఫిల్స్ తయారుచేస్తుంది. ఒక్కోటి రక్తంలో తిరిగేది ఒక్క రోజు లోపే. పైగా రక్తంలో ఉన్నవాటిలో దాదాపు సగం నాళాల గోడలకి అతుక్కుని కూర్చుంటాయి, ట్యూబులోకి రావు. పరిగెత్తినా, భయపడినా, డెక్సామెథజోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ పడినా అవి గోడ వదిలి ప్రవాహంలోకి వస్తాయి. కొన్ని గంటల్లో టోటల్ 8,000 నుంచి 15,000 అయిపోతుంది. దాన్ని చూసి ఇన్ఫెక్షన్ ముదిరిందని యాంటీబయాటిక్ మార్చేస్తారు. స్టెరాయిడ్ వల్ల పెరిగితే సాధారణంగా న్యూట్రోఫిల్స్ పైకి, లింఫోసైట్లూ ఈసినోఫిల్సూ కిందికి పోతాయి. నిజంగా ఇన్ఫెక్షన్ అయితే మూలుగ నుంచి పచ్చికణాలు, అంటే బ్యాండ్ ఫార్మ్స్, ఎక్కువగా దిగుతాయి. రిపోర్టులో 'లెఫ్ట్ షిఫ్ట్' అని రాస్తే అర్థం అది. కాబట్టి రక్తం ఇచ్చే ముందు ఆర్‌ఎంపీ దగ్గర ఏ ఇంజెక్షన్ వేయించుకున్నారో డాక్టరుకి చెప్పండి.

మాక్రోఫేజ్‌లు రిపోర్టులో ఉండవు. మోనోసైట్ రక్తంలో ఒకటి నుంచి మూడు రోజులుండి కణజాలంలోకి దిగాకే అలా మారుతుంది. కాలేయంలో, ఊపిరితిత్తుల గదుల్లో, మెదడులో వీటి తరహావి కాపురముంటాయి, అన్నీ మోనోసైట్ల నుంచి వచ్చినవే కావు, కొన్ని పిండదశలోనే చేరి అక్కడే స్థిరపడినవి. టీబీ క్రిమి తెలివంతా మాక్రోఫేజ్ లోపల చావకుండా బతకడంలోనే ఉంది. శరీరం చంపలేక, చుట్టూ కణాలతో గోడ కట్టి ఖైదు చేస్తుంది. ఆ గోడని నిలబెట్టే సంకేతాల్లో ముఖ్యమైనది టీఎన్ఎఫ్. కీళ్లవాతానికి ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ లాంటి మందులు ఆ టీఎన్ఎఫ్‌నే అడ్డుకుంటాయి. నొప్పి తగ్గుతుంది, కానీ ఎప్పటిదో నిద్రపోతున్న టీబీ లేస్తుంది. అందుకే అవి మొదలుపెట్టే ముందు ఛాతీ ఎక్స్‌రే, టీబీ పరీక్ష తప్పనిసరిగా చేస్తారు. ఇమ్యూనిటీని 'పెంచడం' అన్న మాటకి అర్థం లేదనేది ఇక్కడే. కీళ్లవాతం పెరిగిన ఇమ్యూనిటీయే, పెన్సిలిన్ పడక కుప్పకూలడమూ పెరిగిన ఇమ్యూనిటీయే. ఏ కణం, ఎక్కడ, ఎంతసేపు అన్నదే ప్రశ్న. డబ్బా మీద అది రాయరు.

పాప రిపోర్టు. 9,000లో 58 శాతం అంటే 5,220. మూడేళ్ల పిల్లల్లో 8,000 దాకా మామూలే. పుట్టిన మొదటి వారం తర్వాత నుంచి నాలుగైదేళ్ల దాకా పిల్లల రక్తంలో లింఫోసైట్లదే మెజారిటీ, తర్వాతే న్యూట్రోఫిల్స్ పైచేయి అవుతాయి. మీ ల్యాబ్ పెద్దవాళ్ల రేంజిని పాపకీ వేసింది, అందుకే బోల్డు. ఇది ఎంత మామూలు పొరపాటంటే, పిల్లల రిపోర్టు చేతికొస్తే ముందు పక్కనున్న రేంజి వయసుకి తగ్గదేనా అని చూడాలి, తర్వాతే అంకె.

లింఫోసైట్ అని ఒకే పేరుతో రాసినా లోపల మూడు రకాలుంటాయి, సూక్ష్మదర్శినిలో తేడా కనపడదు. సుమారు మూడొంతులు టీ కణాలు, మిగతావి బీ కణాలు, ఎన్‌కే కణాలు. విడిగా లెక్కించాలంటే ఫ్లో సైటోమెట్రీ అనే వేరే పరీక్ష చేయాలి. టీ కణాలు మూలుగలో పుట్టి, ఛాతీ ఎముక వెనకున్న థైమస్‌లో పరీక్ష రాస్తాయి. సొంత కణాలని గట్టిగా పట్టుకునేవాటినీ, అసలేమీ పట్టుకోలేనివాటినీ అక్కడే చంపేస్తారు, నూటికి 95కి పైగా ఫెయిలే. పాసైనవాటిలో సీడీ8 రకం వైరస్ సోకిన కణాన్ని నేరుగా చంపుతుంది. సీడీ4 రకం ఎవర్నీ పెద్దగా చంపదు, మిగతావాటికి ఆదేశాలిస్తుంది. హెచ్‌ఐవీ కొట్టేది దీన్నే. మామూలుగా 500 నుంచి 1,500 ఉండే సీడీ4 సంఖ్య 200 కంటే తగ్గితే, ఆరోగ్యవంతుణ్ణి ఏమీ చేయని న్యూమోసిస్టిస్ అనే ఫంగస్ కూడా న్యుమోనియా తెస్తుంది. ఏఆర్‌టీ సెంటర్లలో (హెచ్‌ఐవీకి మందులిచ్చే చోట) ఆ దశలో కోట్రిమాక్సజోల్ మాత్ర రోజూ ఇచ్చేది అందుకే.

ఒంట్లో ఉన్న లింఫోసైట్లలో రక్తంలో తిరిగేవి నూటికి రెండే. మిగతావి లింఫు గ్రంథుల్లో, ప్లీహంలో, పేగు గోడల్లో, మూలుగలో ఉంటాయి. సీబీపీ చూసి ఇమ్యూనిటీ ఇంత అని చెప్పడం, ఆర్టీసీ బస్టాండులో జనాన్ని లెక్కపెట్టి ఊరి జనాభా చెప్పినట్టు ఉంటుంది.

బీ కణం ప్లాస్మా కణంగా మారి సెకనుకి వేల యాంటీబాడీలు వదులుతుంది. ముందుగా వచ్చేది ఐజీఎం, సోకిన నాలుగైదు రోజుల నుంచి. తర్వాత ఐజీజీ, దీని అర్ధాయువు 21 రోజులు. మాయ దాటి బిడ్డకి చేరేది ఇదొక్కటే. తల్లి ఇచ్చిన ఐజీజీ తగ్గుతూ, బిడ్డ సొంతంగా చేసుకునేది ఇంకా పెరగక, మూడు నుంచి ఆరు నెలల వయసులో అడుగంటుతుంది. ముర్రుపాలలో దండిగా ఉండేది ఐజీఏ, అది రక్తంలోకి పోదు, పేగు గోడమీద పూతలా పనిచేస్తుంది. తట్టు టీకా తొమ్మిది నెలల దాకా ఆపేది కూడా తల్లి యాంటీబాడీలు టీకాలోని వైరస్‌ని ముందే పట్టేసుకుంటాయనే.

ఈ రోజుల లెక్క తెలియకపోతే జ్వరం పరీక్షల డబ్బులు వృథా. డెంగీలో మొదటి ఐదు రోజులు ఎన్ఎస్1 యాంటిజెన్ (వైరస్ ప్రోటీన్‌నే నేరుగా పట్టే పరీక్ష) చేయాలి, ఐజీఎం ఐదో రోజు నుంచే నమ్మదగ్గది. రెండో రోజు ఐజీఎం నెగెటివ్ అని డెంగీ కాదనుకోకూడదు. వైడాల్ ఇంకా అధ్వానం. అది టైఫాయిడ్ క్రిమిని చూడదు, దాని మీద ఉన్న యాంటీబాడీలని చూస్తుంది. మొదటి వారంలో అవి ఉండవు. పాత టైఫాయిడ్‌కో, వేరే సాల్మొనెల్లాకో మిగిలినవి ఉంటే లేని టైఫాయిడ్ ఉన్నట్టు వస్తుంది. మన ఊళ్లలో ఏ జ్వరమొచ్చినా వైడాల్ చేసి 'టైఫాయిడ్ ఛాయలున్నాయి' అనడం దీనివల్లే. మొదటి వారంలో సరైనది బ్లడ్ కల్చర్, అదీ యాంటీబయాటిక్ పడకముందు, పెద్దవాళ్లకైతే ఒక్కో సీసాకి 8 నుంచి 10 మిల్లీలీటర్ల రక్తంతో.

కణాలు కానివి ఇంకా రెండున్నాయి, త్వరగా చెప్పేస్తాను. కాంప్లిమెంట్ అంటే కాలేయం చేసే ప్రోటీన్ల వరస. ఒకటి తెగితే రెండోది తెగి, చివరికి బాక్టీరియా పొరకి చిల్లు పడుతుంది. గజ్జి పుండ్లో గొంతునొప్పో వచ్చిన కొన్ని వారాలకి పిల్లాడి ముఖం వాచి మూత్రం కోలా రంగులో వస్తే డాక్టరు సీ3 (ఈ వరసలోని ఒక ప్రోటీన్) అడుగుతారు. ఆ కిడ్నీ జబ్బులో అది ఖర్చయిపోయి పడిపోతుంది, ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మామూలుకి రావాలి, రాకపోతే వేరే కిడ్నీ జబ్బు వెతకాలి. రెండోది సీఆర్‌పీ, ఒంట్లో ఎక్కడైనా వాపు ఉంటే రక్తంలో పెరిగే ప్రోటీన్. వాపు మొదలైన ఆరేడు గంటల్లో లేచి, 48 గంటల్లో శిఖరానికి చేరి, కారణం పోతే సుమారు 19 గంటలకోసారి సగమవుతుంది. ఇందులో యూనిట్ చూడండి: ఒక ల్యాబ్ లీటరుకి మిల్లీగ్రాముల్లో ఇస్తే ఇంకోటి డెసీలీటరుకి ఇస్తుంది. 2.4 నుంచి 24కి పెరిగిందని గుండె బాదుకుంటే, రెండూ ఒకటే.

ఇప్పుడు అమ్మగారు. మూడింటిలో నిజంగా పట్టించుకోవాల్సిన రిపోర్టు ఇదే. 9,800 × 14 ÷ 100 = 1,372. 500 దాటితే ఈసినోఫిల్స్ ఎక్కువే, 1,500 లోపు స్వల్పం అంటాం. 'ఈసినోఫీలియా ఉంది' అని మన దగ్గర ఒక జబ్బు పేరులా చెప్తారు కానీ అది జబ్బు కాదు, ఏదో ఉందన్న గుర్తు. నులిపురుగులు న్యూట్రోఫిల్ మింగలేనంత పెద్దవి. అందుకని ఈసినోఫిల్ పురుగుకి అతుక్కుని, ఆ నారింజ గింజల్లోని విష ప్రోటీన్లని దాని మీద కుమ్మరిస్తుంది. అదే సరుకు శ్వాసనాళాల గోడల్లో పడితే ఉబ్బసం. రాత్రి దగ్గు ఉంది కాబట్టి మొదటి అనుమానం ఆస్తమానే, స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊది చేసే ఊపిరి పరీక్ష) చేయించండి. బోదకాలు ఉన్న ప్రాంతాల్లో ఫైలేరియా వల్ల వచ్చే రాత్రి దగ్గు కూడా ఇలాగే ఉంటుంది, అయితే అందులో సంఖ్య సాధారణంగా 3,000 దాటుతుంది. కొత్తగా మొదలైన మందుల జాబితా కూడా డాక్టరుకి చూపించండి.

పొలంలో చెప్పుల్లేకుండా తిరిగే మనిషైతే స్ట్రాంగిలాయిడ్స్ అనే పురుగు గురించి తప్పక అడగండి. ఇది పాదం చర్మంలోంచి దూరుతుంది, పేగులోనే మళ్లీ మళ్లీ పిల్లలు పెట్టి ఏళ్ల తరబడి ఉంటుంది. మలపరీక్ష ఒక్కసారి చేస్తే దొరకదు, వేర్వేరు రోజుల్లో మూడు శాంపిల్స్ ఇవ్వాలి. ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల ఒక్క మాత్ర ఏలికపాములకీ, చాలావరకు కొంకిపురుగులకీ సరిపోతుంది కానీ దీనికి చాలదు, దీని మందు ఐవర్‌మెక్టిన్, బరువుని బట్టి డాక్టరు రాస్తారు.

ఇది తేలకుండా దగ్గుకని ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెడితే రెండు జరుగుతాయి. ఈసినోఫిల్స్ ఒకటి రెండు రోజుల్లో దాదాపు సున్నాకి పడిపోయి రిపోర్టు శుభ్రంగా కనపడుతుంది. లోపల పురుగు మాత్రం అడ్డులేక పేగు దాటి ఊపిరితిత్తులకీ రక్తానికీ పాకుతుంది, అలా ప్రాణాలు పోయినవాళ్లున్నారు. పీల్చే ఇన్‌హేలర్‌తో ఈ భయం చాలా తక్కువ. మాత్ర రాసినా, ఇంజెక్షన్ అన్నా, వేసుకునే ముందు ఈ 1,372 అంకెని చూపించి, పురుగుల పరీక్ష అయ్యాక మొదలుపెట్టొచ్చా అని అడగండి.